బడిపంతులు తిప్పిన పళ్ళేలు

పాలీసెట్ రాసినోళ్ళకీ, గ్రూప్స్ కోసం హైదరాబాద్‌లో గది తీసుకుని చదువుతున్న అన్నలకీ, అక్కలకీ ఓఎంఆర్ షీట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గుండ్రంలో సగం నిండిందా, పక్క గుండ్రానికి అంటిందా అని మూడుసార్లు చూసుకునే కాగితం అది. అట్లాగే ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఓ మూల ఏసీ గదిలో గుయ్‌మంటూ తిరిగే సర్వర్ హార్డ్ డిస్కులు కూడా మనకి తెలుసు. పెన్సిల్ గీతని మెషీన్ చదవడం, తిరిగే డిస్కు మీద కంప్యూటర్ లెక్కలు దాచడం, ఈ రెండు పనుల మొదట్లోనూ ఒకే మనిషి కనిపిస్తారు. ఆయన పేరు రెనాల్డ్ జాన్సన్. దగ్గరివాళ్ళు రే అనేవారు. ఆయన ఇంజనీరింగ్ డిగ్రీ చదవలేదు. హైస్కూల్లో సైన్సు చెప్పే పంతులు.

1906 జూలైలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, స్వీడన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. వాళ్ళక్కల కోసం ఇంటికి వచ్చే కుర్రాళ్ళ మీద ఆయన చేసిన అల్లరి ఒకటి తర్వాత చాలా ప్రసిద్ధమైంది. ఆ కుర్రాళ్ళు ఫోర్డ్ మోడల్ టీ కార్లలో వచ్చేవారు. వాళ్ళు లోపల మాటల్లో ఉండగా ఈయన బయటికెళ్ళి స్పార్క్ ప్లగ్గుల పింగాణీ మీద పెన్సిల్‌తో గీతలు గీసి వచ్చేవారు. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్, అది కరెంటుని మోస్తుంది. నిప్పురవ్వ పుట్టాల్సిన చోటికి పోకుండా కరెంటు ఆ గీత వెంబడే జారిపోయేది. బండి స్టార్ట్ కాదు. ఏమైందో ఆ కుర్రాడికి అంతుపట్టదు. తమ్ముడికి ఇంతకంటే ఏం కావాలి!

1929లో మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి విద్యా నిర్వహణలో డిగ్రీ తీసుకున్నారు. ఏ సంవత్సరమో చూడండి. ఆ ఏడాది చివర్లోనే న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలి, మహా మాంద్యం మొదలైంది. జాన్సన్‌కి మిషిగన్ రాష్ట్రంలోని ఐరన్‌వుడ్ అనే ఊళ్ళో సైన్సు టీచరు ఉద్యోగం దొరికింది. మన బయ్యారం లాగా ఇనుప ఖనిజం ఉన్న ప్రాంతం అది. బయ్యారంలో ఫ్యాక్టరీ గురించి మాటలే నడుస్తున్నయి గానీ, అక్కడ నిజంగానే గనులు నడిచేవి.

ప్రశ్నపత్రాలు దిద్దడం ఎంత విసుగో పంతుళ్ళని అడిగితే తెలుస్తుంది. జాన్సన్‌కి పాత పెన్సిల్ అల్లరి గుర్తొచ్చింది. పిల్లలు సరైన జవాబు దగ్గర పెన్సిల్ గీత పెడితే, ఆ గీత గుండా కరెంటు పారుతుంది. ఎన్ని సరైన గీతలుంటే అంత కరెంటు. మీటర్లో ముల్లు ఎంత కదిలిందో చూస్తే మార్కులు వచ్చేసినట్టే. వినడానికి తేలిగ్గా ఉంది కదా. ఈ దారిలో అంతకుముందు ప్రయత్నించినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళంతా ఒకచోటే ఆగిపోయారు. ఒక పిల్లవాడు నొక్కి గీస్తాడు, ఇంకో పిల్ల సుతారంగా గీస్తుంది. ఇద్దరి గీతల నిరోధం ఒకటి కాదు, కాబట్టి ఒకే జవాబుకి ఇద్దరికీ వేర్వేరు మార్కులు పడతాయి.

దీనికి జాన్సన్ కనిపెట్టిన ఉపాయం మనం ఫస్టియర్లో చదివిన ఓమ్ సూత్రమే. ప్రతి గీతతో పాటు వరసలో ఒక పెద్ద స్థిర నిరోధాన్ని పెట్టారు. ఉదాహరణకి ఒక గీత నిరోధం 10, ఇంకో గీతది 50 అనుకుందాం. తేడా ఐదు రెట్లు. రెండింటికీ 1000 కలిపితే 1010, 1050 అవుతాయి. తేడా నాలుగు శాతం. నొక్కి గీసినా, తేలిగ్గా గీసినా మీటరు దాదాపు ఒకే మాట చెప్తుంది. పిల్లలందరి చేతిరాతనీ ఒకేలా మార్చలేం కాబట్టి, ఆ తేడా లెక్కలోకి రాకుండా చేశారు. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోండి, డిస్కు దగ్గర మళ్ళీ వస్తుంది.

ఐబీఎం కంపెనీ 1934లో ఆయన మెషీన్ హక్కులు తీసుకుని, ఆయన్నే ఉద్యోగంలోకి కూడా తీసుకుంది. పరీక్షల మీద పరిశోధన చేస్తున్న కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ బెన్ వుడ్ ఇందులో గట్టిగా పూనుకున్నారు. ఐరన్‌వుడ్ పంతులు న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్ ల్యాబ్‌కి ఇంజనీరుగా వెళ్ళారు. 1938లో ఐబీఎం 805 పేరుతో ఆ మెషీన్ బయటికొచ్చింది. చెయ్యి తిరిగిన ఆపరేటర్ గంటకి 800 దాకా జవాబు పత్రాల మార్కులు చూడగలిగేవాడు. ఇవాళ్టి ఓఎంఆర్ కరెంటుతో కాదు, వెలుతురుతో చదువుతుంది. అందుకే బాల్ పెన్ కూడా పనికొస్తోంది. అయినా కాగితం మీద నింపిన గుర్తుని మెషీన్ లెక్కపెట్టే పద్ధతి పెద్ద ఎత్తున జనంలోకి వచ్చింది ఆ 805తోనే.

ఎండికాట్‌లో దాదాపు పద్దెనిమిదేళ్ళు గడిచాయి. 1952లో ఐబీఎం ఆయన్ని దేశానికి రెండో చివరనున్న కాలిఫోర్నియాలోని శాన్ హోజేకి పంపింది. చిన్న ల్యాబ్ పెట్టాలి, కొద్దిమందినే తీసుకోవాలి, ఏం చెయ్యాలో చాలావరకు మీరే నిర్ణయించుకోవాలి అన్నారు. మనిషి వయసు నలభై ఐదు దాటింది. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటున్న ఆ లోయ అప్పటికి తోటల సీమ. ప్లమ్ పళ్ళు, ఆప్రికాట్లు ఎండబెట్టి అమ్ముకునే ఊళ్ళు. మన కేసముద్రం దగ్గర కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నట్టు అక్కడ పళ్ళు పరిచేవారట. నోటర్ డేమ్ అవెన్యూలో 99 నంబరు భవనాన్ని అద్దెకి తీసుకుని, స్థానిక పత్రికల్లో ప్రకటనలిచ్చి ఇంజనీర్లని పోగుచేశారు.

ఆ ల్యాబ్‌లో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎవరైనా పక్కవాడి దగ్గరికొచ్చి సాయం అడిగితే, ఆ అడిగిన పనే వాడికి ఆ రోజు ముందు పని. సొంత ప్రాజెక్టు తర్వాత. మన మినీ ప్రాజెక్ట్ బ్యాచుల్లో ఇది పెడితే ఎంతమంది మిగులుతారో నాకు తెలీదు.

ఇక అసలు సమస్య. అప్పట్లో వ్యాపార లెక్కలన్నీ పంచ్ కార్డుల మీద ఉండేవి. గోడౌన్‌లో ఉన్న ప్రతి వస్తువుకీ ఒక కార్డు, కార్డులన్నీ పెద్ద తొట్లలో వరసగా. ఎవరైనా సరుకు అడిగితే గుమాస్తా నడిచి వెళ్ళి, తొట్లో వెతికి, కార్డు తీసి, లెక్క రాసి, మళ్ళీ అదే చోట పెట్టాలి. తప్పు చోట పెడితే ఆ సరుకు లేనట్టే. లేదంటే రోజంతా వచ్చిన చీటీలన్నీ పోగేసి, వరసలో పేర్చి, రాత్రిపూట మెషీన్లో ఒకేసారి నడపాలి. అంటే మీరు చూసే లెక్క ఎప్పుడూ నిన్నటిదే.

ఇది ఎందుకు పెద్ద కష్టమో కేసముద్రం మార్కెట్ యార్డులో సీజన్‌లో ఒక్క పొద్దున నిలబడితే అర్థమవుతుంది. మక్కలు, మిర్చి, పత్తి బస్తాలు దిగుతూనే ఉంటాయి. దడ్వాయిలు కాంటా పెడుతుంటారు, హమాలీలు మోస్తుంటారు, ఒక లాట్ తర్వాత ఇంకో లాట్ రేటు పడుతుంటుంది. రైతు వచ్చి అడిగేది తన లాట్ ఒక్కదాని గురించే. ఆయన వంతు మొత్తం వరసలో ఎక్కడో మధ్యలో ఉంటుంది. పొద్దటి నుంచీ దిగిన లాట్లన్నీ వరసగా చదివి చెప్తామంటే, రేపు పొద్దున తక్‌పట్టీ ఇస్తామంటే, ఆయన ఒప్పుకోడు. కావలసిన ఒక్క పేజీ దగ్గరికి నేరుగా పోయే దారి కావాలి. అమెరికా వైమానిక దళం విమానాల విడిభాగాల లెక్క కోసం 1953లో సరిగ్గా ఇదే అడిగింది.

జాన్సన్ బృందం దాచే పద్ధతులన్నీ బల్ల మీద పెట్టింది. మ్యాగ్నెటిక్ టేపు చవక, బోలెడంత పడుతుంది. కానీ పాత క్యాసెట్‌లో ఐదో పాట కావాలంటే మొదటి నాలుగూ తిప్పాలి కదా, అదే దాని జబ్బు. మ్యాగ్నెటిక్ డ్రమ్ము వేగమైనది, ఏ చోటికైనా చటుక్కున పోవచ్చు. కానీ రాసేది పైతోలు మీదే, లోపలంతా డొల్ల. ఎక్కువ దాచాలంటే డ్రమ్ము గదంత పెద్దదవ్వాలి. తీగలు, కడ్డీలు, పలకలు కూడా చూశారు. చివరికి తిరిగే పళ్ళెం దగ్గర ఆగారు. పళ్ళేనికి రెండు వైపులా రాయొచ్చు. ఒకదాని మీద ఒకటి సందు వదిలి పేర్చితే, అదే జాగాలో డ్రమ్ముకంటే ఎన్నో రెట్ల ఉపరితలం దొరుకుతుంది. పళ్ళేల మీద అయస్కాంత జ్ఞాపకం అన్న ఆలోచన ఆయనొక్కడిదే కాదు. జాకబ్ రాబినో అనే ఇంజనీరు 1952లోనే గాడి కోసిన డిస్కుల యంత్రం గురించి ప్రచురించారు. దాన్ని వీళ్ళు చదివారు కూడా.

కానీ ల్యాబ్‌లోనే చాలామందికి నమ్మకం లేదు. వాళ్ళ అనుమానం తప్పేం కాదు. డ్రమ్ముని లేత్ మీద పెట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కవచ్చు. రెండడుగుల వెడల్పున్న పల్చటి అల్యూమినియం పళ్ళెం గిర్రున తిరుగుతుంటే అట్లా చదునుగా ఉండదు, వంకరపోతుంది, ఊగుతుంది. చదివే తలేమో దానికి దాదాపు 20 మైక్రాన్ల దూరంలో ఉండాలి. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు. దగ్గరైతే గీరేస్తుంది, దూరమైతే చదవలేదు.

పళ్ళెం ఊగకుండా చేయడానికి రెండు అల్యూమినియం రేకుల్ని అతికించి చూశారు, ఊగడం తగ్గింది గానీ పోలేదు. అప్పుడు పెన్సిల్ గీత దగ్గర చేసిందే ఇక్కడా జరిగింది. ఊపు పూర్తిగా ఆపలేకపోతే, ఆ ఊపుతో పనే లేకుండా చెయ్యాలి. తలకి సన్నటి రంధ్రాలు పెట్టి, కంప్రెసర్ నుంచి గాలిని వదిలారు. ఒకవైపు తలని పళ్ళెం మీదకి నొక్కుతుంటారు, ఇంకోవైపు ఆ గాలి పొర దాన్ని ఆనకుండా పైకి నెడుతుంది. పళ్ళెం పైకి లేస్తే తల కూడా లేస్తుంది, దిగితే దిగుతుంది. నీళ్ళ మీద తెప్ప లాగా. ఈ పని మీద కూర్చున్నవాళ్ళు విలియం గొడార్డ్, జాన్ లైనాట్. డిస్కు యంత్రం పేటెంట్ వాళ్ళిద్దరి పేరు మీదే ఉంది. డిస్కు పితామహుడని జాన్సన్‌నే అంటారు గానీ, నా లెక్కలో ఆయన గొప్పతనం ప్రతి మర తానే బిగించడంలో లేదు. సగం మంది తల అడ్డంగా ఊపుతున్నప్పుడు పళ్ళేన్ని ఎంచి, దాన్ని వదలకపోవడంలో ఉంది.

పూత పూయడం ఇంకో తమాషా. పళ్ళెం మీద ఐరన్ ఆక్సైడ్ రంగు అంతటా ఒకే మందంలో ఉండాలి. బ్రష్షుతో వేస్తే గీతలు పడతాయి. జేక్ హగోపియన్ అనే ఇంజనీరు ఆ రంగుని ఆడవాళ్ళ పట్టు మేజోళ్ళలో వడగట్టి, కాగితం కప్పులతో కొలిచి, తిరిగే పళ్ళెం నడిమధ్యన పోశారు. తిరిగే వేగానికి రంగు తనంతట తానే అంచుల దాకా సమంగా పాకింది. దోసె పిండి పోసి గరిటె తిప్పుతాం కదా, ఇక్కడ గరిటె కదలదు, పెనమే తిరుగుతుంది. ఈసీఈ మిత్రులు క్లీన్ రూముల గురించి చదివేటప్పుడు వచ్చే స్పిన్ కోటింగ్ కూడా ఇదే సూత్రం.

1954 ఫిబ్రవరిలో మొదటిసారి ఒక కార్డులోని వాక్యాన్ని పళ్ళెం మీద రాసి, తిరిగి చదవగలిగారు. మొదటి నమూనాలో ఇరుసు అడ్డంగా ఉండేది. లూయిస్ స్టీవెన్స్ పర్యవేక్షణలో దాన్ని నిలువుగా తిప్పి, యంత్రాన్ని ఫ్యాక్టరీలో చేయదగ్గ రూపంలోకి తెచ్చారు. 1956 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలోని జెల్లర్‌బాక్ పేపర్ కంపెనీకి మొదటిది వెళ్ళింది. సెప్టెంబరులో ఐబీఎం దాన్ని లోకానికి ప్రకటించింది. డిస్కు పేరు 350, దాంతో నడిచే కంప్యూటర్ పేరు 305 ర్యామాక్. ఒక్కొక్కటి 24 అంగుళాలున్న 50 పళ్ళేలు, నిమిషానికి 1200 చుట్లు, 50 లక్షల అక్షరాలు. ఇప్పటి లెక్కలో సుమారు 3.75 మెగాబైట్లు, అంటే మీ ఫోన్లో ఒక ఫొటో. బరువు టన్ను పైనే. మొత్తం వ్యవస్థకి అద్దె నెలకి 3,200 డాలర్లు. కావలసిన అక్షరాల దగ్గరికి చేరడానికి సగటున 600 మిల్లీసెకన్లు. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ అప్పటిదాకా గుమాస్తా తొట్టి దాకా నడిచి వెళ్ళే టైముతో పోల్చి చూడండి. పంచ్ కార్డుల మీద డబ్బు గడించే కంపెనీ, ఆ కార్డులకి పోటీ వస్తువుని తన చేతులతోనే తయారు చేసింది. వెయ్యికి పైగా ర్యామాక్‌లు తయారయ్యాయి. 1960 శీతాకాల ఒలింపిక్స్ ఫలితాల లెక్క కూడా దానిమీదే కట్టారు.

ఇక్కడ కథ ఆపి కొంచెం పక్కకి పోతాను, ఎందుకంటే మనలో చాలామంది రేపు ఏదో కంపెనీలో సర్వర్లకి డిస్కులు ఎంచే కుర్చీలో కూర్చుంటారు. ఇప్పటికే కొన్ని డిపార్ట్‌మెంట్లలో కొటేషన్లు తెప్పించే పని మన మీదే పడుతోంది. అప్పుడు మొదట వినబడే మాట, అదే కెపాసిటీ డెస్క్‌టాప్ డిస్కు చవగ్గా వస్తుంటే ఎంటర్‌ప్రైజ్ డిస్కు ఎందుకు అని. జాన్సన్ ల్యాబ్‌లో వచ్చిన తలనొప్పులే దానికి జవాబు. ఇంట్లో కంప్యూటర్లో డిస్కు ఒంటరిగా ఉంటుంది. సర్వర్ పెట్టెలో ఎనిమిదో పన్నెండో పక్కపక్కన తిరుగుతూ ఒకదాన్నొకటి అదరగొడతాయి. తల దారి తప్పుతుంది, మళ్ళీ వెతుక్కుంటుంది, వేగం పడిపోతుంది. ఎంటర్‌ప్రైజ్ డిస్కుల్లో ఆ అదురుని పసిగట్టి తలని సర్దే సెన్సర్లుంటాయి. అదే పాత ఊపు, అదే పాత ఉపాయం. ఆపలేనిదాన్ని కలుపుకుపోవడం.

రెండోది, చెడిన సెక్టరు తగిలినప్పటి సంగతి. డెస్క్‌టాప్ డిస్కు దాన్ని చదవాలని మొండిగా చాలాసేపు ప్రయత్నిస్తుంది. ఒంటరి డిస్కుకి అదే మంచిది, ఇంకెక్కడా నకలు లేదు మరి. కానీ రెయిడ్‌లో కంట్రోలర్ అంతసేపు ఆగదు, డిస్కు చచ్చిపోయిందనుకుని బయటికి నెట్టేస్తుంది. ఎంటర్‌ప్రైజ్ డిస్కు ఏడు సెకన్ల దరిదాపుల్లో చేతులెత్తేసి, మిగతా డిస్కుల నుంచి తెచ్చుకోమంటుంది. మూడోది చాలామంది చూడని అంకె. మామూలు డిస్కుల స్పెక్ షీట్‌లో చదవలేని తప్పు 10కి 14వ ఘాతం బిట్లకి ఒకటి అని ఉంటుంది. లెక్క కడితే అది 12.5 టెరాబైట్లు. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయి, మిగతావాటిని ఆసాంతం చదివి పూడ్చుకోవాల్సిన రోజున ఆ అంకె నేరుగా మీ ఎదురుగా నిలబడుతుంది. ఎంటర్‌ప్రైజ్ డిస్కుల్లో సాధారణంగా అది పది రెట్లు మెరుగు.

25 లక్షల గంటల ఎంటీబీఎఫ్ అని చూసి డిస్కు 285 ఏళ్ళు బతుకుతుందనుకోకండి. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, దాని అర్థం వెయ్యి డిస్కులు నడిపితే ఏడాదికి మూడో నాలుగో పోవచ్చని. ఇంకో జాగ్రత్త, షింగిల్డ్ రికార్డింగ్ డిస్కులు. వీటిలో ట్రాకులు గూనపెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదపాలి. ఒకసారి రాసి దాచిపెట్టే వీడియోలకి పరవాలేదు గానీ, రోజంతా రాసి చెరిపే డేటాబేస్‌కి, రెయిడ్‌కి అవి వద్దు. నన్నడిగితే డబ్బు తక్కువున్నప్పుడు కెపాసిటీ తగ్గించుకోవాలి, డిస్కు రకం తగ్గించుకోకూడదు. మిగిలిన డబ్బుతో వేరే చోట ఉంచే బ్యాకప్‌కి ఒక డిస్కు కొనాలి. రెయిడ్ ఉందని బ్యాకప్ మానేసినవాళ్ళకి ఒక్క తప్పు డిలీట్ చాలు, రెయిడ్ ఆ తప్పుని కూడా బుద్ధిగా అన్ని డిస్కుల్లోనూ చేసి పెడుతుంది.

మళ్ళీ జాన్సన్ దగ్గరికి. 1961లో వచ్చిన ఐబీఎం 1301లో కంప్రెసర్ కూడా పోయింది. పళ్ళెం తిరిగే వేగానికి పుట్టే గాలి మీదే తల తేలడం మొదలైంది, ఇవాళ్టికీ అట్లాగే తేలుతోంది. పెద్ద డిస్కుల్లో గాలికి బదులు హీలియం నింపుతున్నారు, అంతే.

పంతులు మాత్రం పిల్లల్ని మర్చిపోలేదు. వీడియో టేపు పెద్ద చక్రాల మీద ఉండి బడిలో పిల్లల చేతికి లొంగడం లేదని, దాన్ని అరంగుళానికి తగ్గించి పెట్టెలో పెట్టే పని మీద కూడా కూర్చున్నారు. 1971లో ఐబీఎం నుంచి రిటైరయ్యేనాటికి ఆయన పేరు మీద 90కి పైగా పేటెంట్లున్నాయి. రిటైరయ్యాక పాలో ఆల్టోలో చదువుకి పనికొచ్చే పరికరాల కోసం సొంతంగా ఒక చిన్న సంస్థ పెట్టుకున్నారు. అక్కడ చేసిన బుల్లి ఫోనోగ్రాఫ్‌ని ఫిషర్ ప్రైస్ బొమ్మల కంపెనీ మాట్లాడే పుస్తకాల్లో వాడింది. పేజీ మీద పెడితే చదివి వినిపించే పుస్తకాలన్నమాట. 1986లో అమెరికా ప్రభుత్వం జాతీయ టెక్నాలజీ పతకం ఇచ్చింది. డేటా నిల్వలో మంచి పని చేసినవాళ్ళకి ఐఈఈఈ ఆయన పేరుతో ఒక అవార్డు పెట్టింది.

1998 సెప్టెంబరు 15న, తొంభై రెండో ఏట పోయారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి శాంటా క్లారా యూనివర్సిటీలో కొంతమంది రిటైరైన ఇంజనీర్లు, విద్యార్థులు కలిసి పాడుబడిన ఒక 350 డిస్కుని మళ్ళీ తిరిగేలా చేశారు. ఇప్పుడది మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. కంప్రెసర్ ఆన్ చేసి, తలని పళ్ళేల మధ్యకి పంపి చూస్తే, ఎవరో గుమాస్తా దశాబ్దాల కిందట ఎక్కించిన లెక్కలు ఇంకా ఆ రంగు పూతలో ఉన్నాయి. వాటిని చదివారు.